గ్లాసు చప్పుడు

అధికారి సారుకు ఇబ్రహీంపట్నం నుంచి నమస్కారం.

మంచం పట్టినోళ్లను ఇంట్ల చూసుకునేటోళ్ల కోసం సర్కారు పాలసీ తెస్తున్నది, మీకేం కావాలెనో చెప్పుండ్రని మొన్న మీటింగ్ పెట్టిండ్రు గద. నా వంతు రాంగనే లేచి బయటికి ఉరికినదాన్ని నేనే. పొగరనుకోకుండ్రి.

మా అత్తమ్మ మాణిక్యమ్మకు పక్షవాతమొచ్చి మాట పడిపోయింది. ఏం కావాలన్నా స్టీలు గ్లాసుతోని మంచం పట్టె మీద కొట్టేది. మా ఆయన వెంచర్లల్ల ప్లాట్లు చూపెట్ట పోతడు. అమ్మంటే పానమంటడు గని, ఇంట్ల ఉన్నప్పుడు గూడ ఆ చప్పుడు ఆయన చెవుల పడకపోయేది. నేనే అన్నం చెయ్యితోని ఉరుకుతుంటి.

మీటింగుల గూడ అదే చప్పుడు వినొచ్చింది, లేచిన. పక్కన కూసున్న మా వాడకట్టు సునంద నా కొంగు పట్టుకొని, "యాడికక్కా? ఇంట్ల ఎవలున్నరు?" అన్నది.

ఎవలు లేరు సార్. అత్తమ్మ ఎండకాలంల పోయింది. పోయినోళ్ల మంచం ఇంట్ల ఉంచొద్దంటరని, గ్లాసుతో సహా ఎవలికో ఇచ్చేసినం. అయినా కొడుతనే ఉన్నది.

ఆ దినం అందరు మిమ్మల్ని ఈ చాకిరీ నుంచి సెలవు అడిగిండ్రు. నాకు సెలవు దొరికింది సార్. ఆ సంగతి అత్తమ్మకు ఎవలు చెప్పాలె?

ఇట్లు,
మాణిక్యమ్మ కోడలు