అమ్మేవారు

మార్చి 3

ఇవాళ టైపింగుకి వచ్చిన బిల్లు పేరు 'నివాస వీధుల ప్రశాంతత బిల్లు'. శాసనసభ సచివాలయంలో నా పని ఇచ్చింది ఇచ్చినట్టు కొట్టడం. అర్థం గురించి ఆలోచిస్తే స్పీడ్ పడిపోతుందని చేరిన రోజే చెప్పారు. కానీ నాలుగో సెక్షన్ దగ్గర వేళ్లు ఆగిపోయాయి. 'నివాస వీధులలో సరుకులు అమ్మేవారు బిగ్గరగా కేకలు వేయరాదు. గంట, బూర, లౌడ్‌స్పీకర్ వాడరాదు.' రెండోసారి పట్టుబడితే బండి స్వాధీనం.

మా అమ్మ ఆకుకూరల బండి తోస్తుంది. ఆ బండికి ఇంజన్ అమ్మ నడుము, హారన్ అమ్మ గొంతు.

ఒక్క తప్పు లేకుండా టైప్ చేసి ఇచ్చాను.

మార్చి 6

బిల్లు పాసయింది. చర్చ జరుగుతున్నంతసేపట్లో టీ కూడా చల్లారలేదు.

సాయంత్రం అమ్మకు చెప్పాను. నమ్మలేదు. నేనరవకపోతే తోటకూర తనే మెట్లెక్కి తలుపు కొడుతుందా అంది. టైప్ చేసింది నేనేనన్నాను. తప్పులేమైనా పోనిచ్చావా అని అడిగింది. లేదన్నాను. కాస్త పోనియ్యాల్సింది అంది.

మార్చి 21

చట్టం ఇవాళ్టి నుంచి అమలు. అమ్మ నోరు కుట్టేసుకుని తిరిగింది. పై అంతస్తుల వాళ్లకు బండి వచ్చినట్టే తెలియలేదు. సగం కూర వడిలిపోయి ఇంటికొచ్చింది. మధ్యాహ్నం తోటకూర. సాయంత్రం తోటకూర.

ఈ చట్టం ఒక్కరికే కలిసొచ్చింది. పాత పేపర్లు కొనే తాతకు. కానిస్టేబుల్ ఆపితే, నేను అమ్మేవాణ్ణి కాదు నాయనా, కొనేవాణ్ణి, కావాలంటే నీ లాఠీ కూడా తూకానికి తీసుకుంటా అన్నాడట. కానిస్టేబుల్ బుర్ర గోక్కుని వదిలేశాడు. తాత ఇప్పుడు మునుపటి కన్నా గట్టిగా అరుస్తున్నాడు. వీధంతా ఆయన ఒక్కడి సొత్తయింది.

మార్చి 24

అమ్మ మీద మొదటి కేసు.

రిటైరైన టీచరమ్మ మూడో అంతస్తు నుంచి, ఇవాళ ఏం తెచ్చావే అని అడిగింది. అమ్మ తలెత్తి పాలకూర అంది. అంతే. వార్డు ఇన్‌స్పెక్టర్ మలుపులోనే ఉన్నాడు. అడిగితే చెప్పానయ్యా అంటే, జవాబైనా కేకేనట. ఇంకోసారి నోరు లేస్తే బండి లారీ ఎక్కుతుందని చెప్పి వెళ్లాడు.

కంచం ముందు కూర్చుని అమ్మ, బండి పోతే నా కాళ్లు పోయినట్టేనే అంది. ఏడవలేదు. ఏడిస్తే అది కూడా నాలుగో సెక్షన్ కిందికి వస్తుందేమో చూడు అంది.

మార్చి 25

ఆ సెక్షన్ ఏదో చదివి వినిపించమంది. చదివాను. 'అమ్మేవారు' అనేసరికి చెయ్యి అడ్డం పెట్టింది. అమ్మే కదా అరవకూడదంట, కూతుర్ననలేదుగా అంది.

ఆ అమ్మే వేరమ్మా, అది క్రియ అని వ్యాకరణం మొదలుపెట్టాను. సగంలో ఆగిపోయాను. అమ్మ వేళాకోళానికే అంది. నవ్వుకుంటూ గిన్నెలు కడగడానికి వెళ్లిపోయింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. సెక్షన్ మళ్లీ చదివాను. అరవకూడనిది అమ్మే మనిషి. నేను కూర అమ్మను. బండి ముట్టుకోను. చిల్లర తీసుకోను. నెలజీతం మనిషిని.

చట్టంలో నేను లేను.

మార్చి 26, ఉదయం 8

ఆఫీసు బట్టలతోనే, భుజాన బ్యాగుతో, బండికి కాస్త ముందు నడిచాను. నోరు తెరిస్తే గాలి వచ్చింది. వెనకనుంచి అమ్మ గొణిగింది. గొంతుతో కాదే పిల్లా, కడుపుతో. 'తోట' దగ్గర ఆగి చావకు, 'కూర' దగ్గర సాగదియ్యి. రెండోసారి క్లాసులో హాజరు పిలిచినట్టు వచ్చింది. మూడోసారికి మలుపులో పడుకున్న కుక్క లేచి నిలబడింది.

కిటికీలు తెరుచుకున్నాయి. బండి మీద ఆకు మిగల్లేదు.

ఇన్‌స్పెక్టర్ వచ్చి ఎవరు నువ్వన్నాడు. ఈవిడ కూతుర్ని, నేనేమీ అమ్మడం లేదు, బండి వచ్చిందని చెబుతున్నానంతే అన్నాను. జేబులోంచి చట్టం కాగితం తీసి ముందూ వెనకా చూశాడు. అందులో కూతురు లేదు. పెద్ద తెలివైనదానివే అన్నాడు. అవునండీ అన్నాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

మార్చి 29

టీచరమ్మ బాల్కనీలోంచి తనే అరిచింది, మెంతికూరొచ్చిందర్రా దిగండి అని. ఆవిడ కొనే మనిషి, ఎవరూ ఏమీ అనలేరు. ఎదురింటావిడ అందుకుంది. కత్తులు, కత్తిపీటలు అమ్మే ఆయన తన తరఫున అరవడానికి బావమరిదిని వెంటేసుకొచ్చాడు. ఆ బావమరిది గొంతు వింటే కత్తులు వాటంతటవే పదునెక్కాలి.

ప్రశాంతత చట్టం ధర్మమా అని మా వీధి ఎన్నడూ లేనంత గోలగా ఉంది.

ఏప్రిల్ 2

సెక్షన్ ఆఫీసర్ పిలిచారు. ఎవరో నా వీడియో తీసి పైకి పంపారు. సభ చేసిన చట్టాన్ని సభ ఉద్యోగే వీధిలో వెక్కిరిస్తోందని పైవాళ్లకు కోపం. ఈయన మంచివారే, కూర్చోమని కుర్చీ చూపించారు. మీ ఇంట్లో మొదట చదువుకున్నదానివి నువ్వే కదమ్మా, ఎక్కిన మెట్టు నువ్వే విరగ్గొట్టుకుంటావా అన్నారు. ఇకపై అరవనని హామీ రాసిస్తే కాంట్రాక్టు పొడిగిస్తారట.

నా స్కూలు ఫీజు, కాలేజీ ఫీజు, టైపు ఇన్‌స్టిట్యూట్ ఫీజు అన్నీ ఆ కేకలోంచి వచ్చినవే. ఆయనకు చెప్పలేదు. చెప్పి జాలి పుచ్చుకోవడం ఇష్టంలేక.

తెల్లకాగితం ఇచ్చారు. ఒక్క వాక్యం రాశాను. 'నేను అమ్మను.'

ఆయన రెండుసార్లు చదివారు. ఏమీ అమ్మనంటున్నావా, నేనే మా అమ్మనంటున్నావా, ఏమిటమ్మా ఇది అన్నారు. ఎలా చదువుకున్నా నాకు సమ్మతమేనండీ అన్నాను.

ఏప్రిల్ 3

ఉద్యోగం పోయింది.

ఏప్రిల్ 3, సాయంత్రం

అమ్మకు చెప్పాను. ఆనకట్ట తెగినట్టు తిట్టింది. నీకీ బతుకు వద్దనే కదే ఇన్నేళ్లు గొంతు చించుకున్నాను, తీరా చదివిస్తే వచ్చి నా పక్కనే నిలబడతావా అంది. నేనూ ఊరుకోలేదు. నీ పక్కన నిలబడకూడదని ఏ బళ్లోనూ నాకు నేర్పలేదన్నాను.

చెరో గోడకు ఆనుకుని కూర్చున్నాం. కాసేపటికి టీ పెట్టింది. నా గ్లాసు నేల మీద ఠప్పున పెట్టింది. పంచదార మాత్రం ఎక్కువే వేసింది.

ఏప్రిల్ 9

ఆఫీసులో నా పాత సీటు పక్కన కూర్చునే అమ్మాయి ఫోన్ చేసింది. సవరణ బిల్లు వస్తోందట. 'అమ్మేవారు' తర్వాత 'వారి బంధువులు, కొనేవారు, ఇతరులు ఎవరైనా' అని చేర్చారట. కొడుతుంటే నువ్వే గుర్తొచ్చావే అంది. తప్పులు పోనియ్యకపోయావా అన్నాను.

తాతకు చెప్పాను. కొనేవాళ్లు కూడానా అని సంచి దించి అక్కడే కూర్చున్నాడు.

ఏప్రిల్ 11

టీచరమ్మ శిష్యుడొకాయన శాసనసభ సభ్యుడు. ఆవిడ ఆయన చెవి మెలేసి నాకు విజిటర్స్ పాస్ ఇప్పించింది. గ్యాలరీలో ముందు వరసలో కూర్చున్నాను.

కేకలు వద్దనే బిల్లును కేకతోనే నెగ్గించుకుంటారు. మూజువాణి ఓటు. అనుకూలమైనవారు అవును అనండి అన్నారు స్పీకర్. సభ దద్దరిల్లింది. వ్యతిరేకమైనవారు కాదు అనండి అన్నారు. ఫ్యాన్ల చప్పుడు వినిపించింది.

లేచి నిలబడి కాదు అన్నాను. మైకు అక్కర్లేకపోయింది.

అన్ని తలలూ పైకి లేచాయి. స్పీకర్ మాత్రం తలెత్తకుండా, అవును అన్నవారిదే నెగ్గింది అన్నారు. మార్షల్ నన్ను బయటకు నడిపిస్తూ, ఏం గొంతమ్మా తల్లీ, ఏం చేస్తుంటావు అని అడిగాడు. రేపటి నుంచి ఆకుకూరలు అమ్ముతానన్నాను.

సభ రికార్డులో ఇలాంటివాటిని ఎలా ఎక్కిస్తారో నాకు తెలుసు. బ్రాకెట్లో 'అంతరాయం' అని ఉంటుంది. అది నేనే.

ఏప్రిల్ 12, ఉదయం 6

బండి పట్టుకుపోతే బుట్ట. బుట్ట పట్టుకుపోతే ఒడి.

అమ్మ గొంతు సవరించుకుంటోంది. నేనూ.