ట్యాంకులో వెండి గ్లాసు

పెద్దమ్మా,

అందరం కులాసా అని రాయలేను. పాపకు వాంతులు తగ్గడం లేదు. ముందు ట్యాంకు కడిగించమని డాక్టరు చెప్పాడు.

పూర్వం వెండి వేస్తే నీళ్లలో క్రిములు చేరవనేవారని చెప్పి, నువ్వు మేడమీది ట్యాంకులో నీ గ్లాసు వేసి వెళ్లావు కదా. అది చూసి పై వాటా టీచరమ్మ పళ్లెం వేసింది. తనేం తక్కువ తిన్నానా అని కింది వాటా వకీలుగారు చెంబు వేశారు. ఇప్పుడు ట్యాంకు మూతకు వాటాకో తాళం ఉంది.

కడిగే మనిషి వస్తే ఎవరూ మూత తియ్యనివ్వలేదు.

"వెండి ఉండగా కడగడం దేనికయ్యా, దాని పని అది చేసుకుపోతుంది" అన్నారు వకీలుగారు.

"ఆయన చెంబు బయటికొస్తే నా పళ్లెం కూడా తీస్తాను, ముందు మాత్రం తియ్యను" అంది టీచరమ్మ.

ఇద్దరిళ్లలోనూ నీళ్లు కాచుకునే తాగుతున్నారు.

చివరికి, మొదట వేసినవారే మొదట తియ్యాలని అందరూ తీర్మానించారు. కాబట్టి వెంటనే బయలుదేరి వచ్చి నీ గ్లాసు తీసుకో. వచ్చేటప్పుడు నీకు తాగడానికి నీళ్లు తెచ్చుకో.

నీ చెల్లెలి కొడుకు