ఎర్ర గుడ్డ విప్పాకే తాళంచెవి

సూరీ,

డ్యూటీకి వెళ్తున్నాను, ఎల్లుండి వస్తాను. పడవ ఇంపెల్లర్, అదే పంపులో నీళ్లు తోసే రెక్కల చక్రం, మార్చేశాను. పాతదాని రెక్కల అంచులు ఇసకకి అరిగిపోయాయి. ఇంజను ఎంత అరిచినా పడవ కదలనిది అందుకే. సిర్గిట్టి ఇండస్ట్రియల్ ఏరియా నుంచి తెచ్చిన కొత్తది సరిగ్గా కూర్చుంది. ఒక్క బోల్టూ విరగకుండా ఊడి రావడం మన అదృష్టం.

డ్యామ్‌కి తీసుకెళ్లే ముందు షాఫ్టు చేత్తో తిప్పి చూడు. ఎక్కడైనా రాసుకుంటే నాకు ఫోన్ చెయ్యి. నీళ్లలోకి దించాకే స్టార్ట్ చెయ్యి. పది నిమిషాలు మెల్లగా నడిపి, లోపలికి నీళ్లు రావడం లేదని చూసుకున్నాకే జనాన్ని ఎక్కించు. పోయిన ఆదివారంలా పిల్లలతో నడి నీళ్లలో ఆగిపోవద్దు.

"ఏటి బావా, బాగుచెయ్యడానికి మిస్త్రీ దొరకడా?" అని గొణిగావు గానీ, పడవ కింద టార్చి నాకు కావలసిన చోటే పట్టావు. మీ అక్క పట్టినట్టే.

స్టీరింగుకి ఎర్ర గుడ్డ ఉంటుంది. నా చేతులు పంపులో ఉండగా ఎవరూ తాళంచెవి తిప్పకూడదని కట్టాను. నువ్వు కిందటేడు అక్కకి పెట్టిన జాకెట్టు ముక్క అది. తను పోయేనాటికి కుట్టించుకోనేలేదు. మా రైలింజన్ల షెడ్డులో ఎర్ర జెండా కట్టినవాడే విప్పాలి. పని అయ్యాక రెండుసార్లు విప్పబోయాను. ఏడుపేమీ రాలేదు, చెయ్యి ఆగిపోయింది అంతే. నువ్వే విప్పు.

బావ

గుడ్డకి గ్రీజు అంటనివ్వలేదు. పాత మడతల మీదే మడిచి బీరువాలో పెట్టు.