ఒక్క సమానం గుర్తు

అక్కకు చెల్లెలి నమస్కారాలు.

ఇక్కడ అమ్మా నేనూ క్షేమంగానే ఉన్నాం. నువ్వూ బావా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మకు కళ్లజోడు మార్పించావా అని అడిగావు. మార్పించాను. ఇప్పుడు నా మొహం కూడా ఆవిడకు స్పష్టంగా కనబడుతోంది. అదే చిక్కు.

మా ఆఫీసులో మేం 'తలకిందుల మాస్టారు' అని పిలుచుకునే పెద్దాయన ఉద్యోగం ఎందుకు మానేశారని అడిగావు. మానలేదక్కా, మాన్పించారు.

ఆసుపత్రి వార్డుల్లో ఆక్సిజన్ తగ్గితే మోగే అలారానికి మేం ప్రోగ్రాం రాస్తాం. అందులో సమానం గుర్తు రెండుసార్లు వేస్తే ప్రశ్న: 'అలారం సున్నాగా ఉందా?' పొరపాటున ఒకటే వేస్తే ఆజ్ఞ: 'అలారాన్ని సున్నా చెయ్యి', అంటే ఆపెయ్యి అని. మాస్టారు ఎప్పుడూ సున్నాను ముందు, అలారాన్ని వెనక రాసేవారు. అలా రాస్తే ఒక గుర్తు జారిపోయినా, సున్నాను మార్చడం కుదరదని కంప్యూటర్ అక్కడే మొరాయిస్తుంది.

"ఇలా ఎవరైనా మాట్లాడతారాండీ? చదవలేక చస్తున్నాం," అని నవ్వాను ఒకసారి.

"ఎబ్బెట్టుగానే ఉంటుంది తల్లీ. నా వేళ్ల మీద నాకు నమ్మకం లేదు, అందుకని," అన్నారు.

ఆయన సెలవులో ఉన్న వారం ఆ వరసలన్నీ అలారం ముందుకొచ్చేలా తిప్పి రాసి నేను 'సరిచేశాను'. ఒకచోట గుర్తు ఒకటే పడింది. కంప్యూటర్ హెచ్చరించింది కూడా. రోజూ వచ్చే వంద హెచ్చరికల్లో అదొకటనుకుని వదిలేశాను. మూడో వార్డులో ఒక ముసలాయనకు పదకొండు నిమిషాలు ఆక్సిజన్ అందలేదు. అలారం మోగలేదు. బతికాడు గానీ, కన్నకూతుర్ని గుర్తుపట్టడం లేదు.

ఆ ఫైలు మీద మాస్టారి పేరుంది. విచారణలో ఆయన్ను నిలదీస్తుంటే నేను పక్క కుర్చీలోనే కూర్చుని నీళ్లసీసా మూత తిప్పుతూ ఉండిపోయాను. రెండు నెలలుగా నోరు మెదపలేదక్కా.

నిన్న మేనేజరుకు చెప్పేశాను. "ఆ గొడవ ఎప్పుడో ముగిసింది. మళ్లీ కెలక్కు," అన్నాడు. అంతా కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఆసుపత్రివాళ్లకు ఇచ్చాను. అటునుంచి అటే మాస్టారింటికి వెళ్లాను. ఆయన గుమ్మంలో నిలబడే విన్నారు. తిట్టలేదు. లోపలికి రమ్మనీ అనలేదు.

"నాకు చెప్పావు, సరే. ఆ ముసలాయన కూతురికి చెప్పావా?" అని మాత్రం అడిగారు.

అమ్మకు ఈ సంగతి నేనే చెప్పుకుంటాను, నువ్వు రాయకు.

ఈ ఉత్తరం ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. తలుపు సందులోంచి ఆమె కనబడుతోంది. తండ్రికి గడ్డం గీస్తోంది. "ఎవరమ్మా నువ్వు?" అంటున్నాడాయన. "మీ అమ్మాయిని నాన్నా," అంటోంది, మొదటిసారి చెబుతున్నంత ఓపికగా. గీయడం అయిపోయింది. తువాలు మడుస్తోంది. లేస్తున్నానక్కా.

ఇట్లు,
నీ చెల్లి