పేర్లు కప్పిన ప్లేట్లు

మంగళవారం, తార్నాక హాస్టల్

"మన నీళ్లల్ల డ్రైనేజీ కలుస్తున్నది. రేపు సాయంత్రం ధర్నా" అని రూమ్మేట్ మౌనిక ఉదయం హాస్టల్ గ్రూపులో పెట్టింది. క్లాసులో చెయ్యెత్తడానికే భయపడే నేను, "ఎవరు పరీక్షించారు?" అని అడిగాను.

"నువ్వు వార్డెన్ సైడా ఏందే? మైక్రోబయాలజీ గదా, నువ్వే తేల్చు!" అంది మౌనిక మెస్‌లో, అందరూ వినేలా.

ల్యాబుకు వెళ్లి కుళాయి నీళ్లు, మరిగించి చల్లార్చిన నీళ్లు బ్యాక్టీరియా ఉంటే మచ్చలుగా పెరిగే వేరువేరు ల్యాబు ప్లేట్లలో వేసి, వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్‌లో పెట్టాను. అప్పటి నుంచి ఒకటే కోరిక, వేటిలోనూ ఏమీ పెరగకూడదని. నా మాటే నెగ్గాలని. పక్క గదిలో ఎవరో మళ్లీ వాంతి చేసుకుంటున్నారు. అయినా ఆ కోరిక పోవడం లేదు.

ఈ కోరిక నిండిన కళ్లతో చూస్తే ఉన్న మచ్చలు కూడా కనబడవేమో. రేపు ధర్నాకు ముందు ప్లేట్ల మీద రాసిన నీళ్ల పేర్లు కప్పి, మచ్చలు మౌనికనే లెక్కపెట్టమంటాను. ఏవి ఏ నీళ్లో తనకు తెలియదు. నాకు తెలుసు కాబట్టి, నా ముఖం చూసి తను పసిగట్టకుండా నేను ల్యాబు బయటే నిలబడతాను.