అంచు మీద నీ పేరు

తమ్ముడూ,

నువ్వు కన్నుమూసి నిన్నటికి ఏడాది. ఈరోజు మన ఊరి బడి ముందు, సైన్యంలో పనిచేసినవాళ్ల పేర్లతో రాయి నిలబెట్టారు.

పోర్చుగీసువాళ్ల దగ్గర్నుంచి గోవాను తీసుకున్న సైన్యంలో నువ్వున్నావంటే మొదట ఎవరూ నమ్మలేదు. నీ కాగితాలు ఉప్పెనలో పోయాయి. "మీవాడు గోవా వెళ్లింది జీడిపప్పు కోసమేమో అక్కయ్యగారూ," అని ప్రెసిడెంటు నవ్వాడు.

 ఇంటికొచ్చి దేవుడి పెట్టెలోంచి నీ పతకం తీశాను. ఉప్పెన రోజు అమ్మ నెత్తిన పెట్టుకుని బయటపడింది ఆ పెట్టె ఒక్కటే కదా. పతకాన్నీ దేవుళ్లలో కలిపి, ప్రతి శుక్రవారం పసుపు రాసి కుంకుమ పెట్టేది. ఆవిడ తర్వాత నేనూ అదే చేశాను. ముప్ఫై ఏళ్ల పసుపు. చింతపండుతో తోమితే పైన లోహపు పట్టీ మీద గోవా అనీ, అంచు చుట్టూ నీ నంబరూ, పేరూ బయటపడ్డాయి.

ప్రెసిడెంటు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "తప్పైందండీ. మొదటి పేరు మీవాడిదే," అన్నాడు.

అన్నట్టే చెక్కించాడు. ఈరోజు తెర తీసి నీ పేరు చదివితే ఊరంతా లేచి నిలబడింది. నేనూ నిలబడ్డాను.

శుక్రవారం కదా, ఇంటికొచ్చి పతకానికి బొట్టు పెట్టాను. నీ పేరు మీద పడకుండా.

అక్కయ్య