దువ్వెన చుట్టూ ఏముంది?

డిసెంబర్ 1, సోమవారం. కోరుట్ల బస్టాండ్

విషాద వార్త. స్థానిక జూనియర్ కాలేజీలో నా డెమో క్లాస్ ఈ ఉదయం పదకొండు గంటలకు తుదిశ్వాస విడిచింది. టాపిక్: ఎలక్ట్రిక్ చార్జెస్ అండ్ ఫీల్డ్స్. సంతాప సభ లేదు.

డెఫినిషన్లు తప్పు లేకుండా చెప్పాను. బోర్డు నిండా రాశాను. ఒక్క డౌటూ రాలేదు. కరస్పాండెంట్ గారు టీ ఇప్పించి, అమ్మా, నువ్వు చెప్పింది సమజైంది గని ఎందుకు చెప్పినవో సమజు కాలే అన్నారు.

శనివారం జగిత్యాలలో ఇంకో డెమో. అదే టాపిక్. అక్కడి ఫిజిక్స్ మేడంకు గవర్నమెంట్ జాబ్ వచ్చి సంవత్సరం మధ్యలో వెళ్లిపోయిందట. ఈ ఉద్యోగం కూడా రాకపోతే వచ్చే వారం నుంచి మేనమామ జిరాక్స్ సెంటర్‌లో కూర్చోవాలి. నాన్న ఆయనకు మాట ఇచ్చేశారు. జిరాక్స్ మిషన్ పనిచేసేది స్టాటిక్ చార్జ్‌తోనే. అంటే ఎటు వెళ్లినా ఫిజిక్స్ నన్ను వదలదు. కాకపోతే అక్కడ నన్ను మేడం అని పిలిచేవాళ్లే ఉండరు.

డిసెంబర్ 2, మంగళవారం. సిరిసిల్ల, పొద్దున

నాన్న కొమురయ్యది వార్పిన్ మిషన్. సాంచాల వాళ్ల కోసం, అంటే మరమగ్గాల వాళ్ల కోసం, పాలిస్టర్ దారాన్ని భీములనే పెద్ద పెద్ద రోలర్లకు చుట్టి ఇస్తారు. చలికాలం గాలి పొడిబారితే దారాలకు పొగరెక్కుతుంది. పక్కపక్కన బుద్ధిగా నడవాల్సినవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. చెయ్యి పెడితే చుర్రుమంటాయి.

ఇవాళ చుర్రుమనడం ఎక్కువైంది. నాన్న కరెంట్ లీకవుతోందని ఎలక్ట్రీషియన్ ముత్యాన్ని పిలిచారు. ముత్యం టెస్టర్ పెట్టి చూశాడు, మెయిన్ బంద్ చేశాడు, ధైర్యంగా దారం ముట్టుకున్నాడు. చుర్రుమంది. బంద్ జేసినంక గూడ కొడుతుందంటే గిది నా డిపార్ట్‌మెంట్ కాదే కొమురన్నా అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

నా డిపార్ట్‌మెంట్! చున్నీ సర్దుకుని ముందుకొచ్చాను. రాపిడికి ఎలక్ట్రాన్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోతాయి, దారాలన్నిటికీ ఒకే రకం చార్జ్ వస్తుంది, ఒకే రకానివి తోసుకుంటాయి, గాలికి తేమ పట్టిస్తే చార్జ్ జారిపోతుంది అన్నాను. నేలంతా నీళ్లు చల్లాం. కాసేపటికి దారాలు సద్దుమణిగాయి. నాన్న నన్ను కొత్త చుట్టాన్ని చూసినట్టు చూశారు.

కానీ ఒక సంగతి. నీళ్లు చల్లకముందు దారాల దగ్గరికి చెయ్యి తీసుకెళ్తే, ముట్టుకోకముందే రోమాలు లేచాయి. మధ్యలో ఏమీ లేదు. ఉత్త గాలి. నిన్న కోరుట్లలో దీన్నే ఫీల్డ్ అని రాసి కింద రెండు గీతలు కొట్టాను. ఒక్కసారి కూడా ఆశ్చర్యపోకుండా. పిల్లలు మాత్రం ఎందుకు ఆశ్చర్యపోతారు?

డిసెంబర్ 3

దువ్వెనను జుట్టుకు రుద్దాను. కాగితం ముక్కలు ఎగిరాయి. నేనూ ఎగిరాను.

డిసెంబర్ 4, గురువారం

అమ్మ మీద రిహార్సల్. ఆమె చిక్కుడుకాయలు తుంచుతోంది.

చార్జ్ రెండు రకాలు, ఒకే రకానివి దూరం పోతాయి అన్నాను. గదే, మీ మేనత్తల లెక్క అంది. మేనత్తలిద్దరూ పుట్టుకతోనే ఒకే రకం. దూరం రెండింతలైతే బలం పావు వంతుకు పడిపోతుంది అన్నాను. అమ్మ చెయ్యి ఆగింది. గందుకేనా, ఒకామె కోరుట్ల, ఒకామె జగిత్యాలల పడ్డంక ఇల్లు నిమ్మళమైంది అంది. ఈ సూత్రం కనిపెట్టిన కూలుంబ్ గారు మా ఇంటికి వచ్చి ఉంటే ప్రయోగశాల ఖర్చు తప్పేది.

ఫీల్డ్ గురించి చెప్తుంటే మాత్రం కూర మాడింది.

డిసెంబర్ 6, శనివారం. జగిత్యాల నుంచి బస్సులో

మొత్తం రాస్తాను. బస్సు కుదుపులకు అక్షరాలు ఎటు పోయినా సరే.

పొద్దున్నే అమ్మ నన్ను కూర్చోబెట్టి తలకు కొబ్బరినూనె పట్టించింది. మంచి పనికి పోయేటప్పుడు ఎండు తలతోని పోతరా అని. నుదుటి దాకా కారేలా పట్టించి, కళ్లు సాగేలా జడ వేసింది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ కళ్లు మూసుకుని హాయిగా పెట్టించుకుంది.

క్లాసులో గంభీరంగా దువ్వెన తీశాను. తలకు రుద్దాను. కాగితాల దగ్గర పెట్టాను. కదల్లేదు. మళ్లీ రుద్దాను. ఒక ముక్క దువ్వెనకు అంటుకుంది, జిడ్డుకు. క్లాసంతా ఘొల్లుమంది. వెనక కూర్చున్న ప్రిన్సిపాల్ శ్రీధర్ సార్ వాచీ చూసుకున్నారు. కళ్ల ముందు జిరాక్స్ సెంటర్ కనిపించింది.

వాతావరణం బాగోలేదని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ నాకే తెలుసుకోవాలనిపించింది. మొన్న ఇంట్లో పని చేసింది, ఇవాళ ఎందుకు చేయలేదు అని వాళ్లనే అడిగాను. చివరి బెంచీలో వసంత అనే పిల్ల లేచి, మేడం, మీ తలకు పావుకిలో నూనె ఉన్నది అంది. తల తడిమి చూసుకున్నాను. నిజమే. ఇంత సింపుల్ సంగతి నాకెలా తట్టలేదు!

నూనె లేని తల కావాలన్నాను. అమ్మాయిలందరూ హాస్టల్, అందరికీ నూనె. చివరికి జుట్టు ముళ్లపందిలా నిలబెట్టుకున్న అరవింద్ అనే అబ్బాయిని నెట్టారు. దువ్వెన కడిగి, తుడిచి రుద్దాను. మేడం, స్టైల్ ఖరాబైతది అంటూనే వంగాడు. కాగితాలు గాల్లోకి లేచాయి. ఈసారి నవ్వలేదెవరూ. బెంచీలు దిగి ముందుకొచ్చారు.

వసంత అడిగింది. మేడం, కాగితాలు తీసేస్తే దువ్వెన చుట్టు గా ఫీల్డ్ ఉంటదా?

ఉంటుంది అన్నాను. గుంజుడానికి ఎవ్వలు లేకున్ననా? అవును. ఉన్నదని ఎట్ల ఎరుక? బాగా చిన్న చార్జ్‌ను పెట్టి చూస్తాం. పెడితే ఇగ ఎవ్వలు లేనట్టెట్ల మేడం?

పుస్తకాలు చూసి తర్వాతి క్లాసులో చెప్తాను అన్నాను. నాకక్కడ తర్వాతి క్లాసు ఉందో లేదో తెలియకుండానే.

డిసెంబర్ 7, ఆదివారం

పుస్తకాలన్నీ తిరగేశాను. పెట్టే చార్జ్ ఎంత చిన్నదనుకుంటే అంత చిన్నదిగా ఉండాలట. వసంత ఒప్పుకోదు. నేనూ ఒప్పుకోవడం లేదు. రేడియో తరంగం గురించి చదివాను: పంపిన స్టేషన్ బందైనా అది దారిలో పోతూనే ఉంటుంది. ఈ దారిలో ఏదో ఉంది.

ఫోన్ రాలేదు.

డిసెంబర్ 8

రాలేదు. మేనమామ మాత్రం చేశాడు. రెండు వైపులా ప్రింట్ తీయడం వస్తదా అని.

డిసెంబర్ 9, మంగళవారం

వచ్చింది! శ్రీధర్ సార్. డెమోకు ముగ్గురు అచ్చిన్రమ్మా, మిగిలిన ఇద్దరు నీ కన్న మంచిగనే చెప్పిన్రు అన్నారు. గని ఎవ్వలు గావాలె అని పిల్లలనడిగితే, నూనె మేడం జవాబు చెప్త అన్నది, ఆమెనే పిలువుండ్రి అన్నరు, రేపు తొమ్మిదింటికి రా అన్నారు. తలకు నూనె నీ ఇష్టం అని కూడా అన్నారు.

నాన్న మేనమామకు ఫోన్ చేసి ఏదో సర్ది చెప్పారు. అమ్మ మాత్రం, చూసినవా, నూనె పెడితేనే పనైంది అంది. ఎంత ఆలోచించినా దీన్ని శాస్త్రీయంగా ఖండించలేకపోయాను.

డిసెంబర్ 10, బుధవారం. జగిత్యాల, క్లాస్‌రూమ్

బస్సు ముందే దింపింది. బెంచీలన్నీ ఖాళీ. బోర్డు మధ్యలో ఒకే ఒక్క చార్జ్ పెట్టి, గుంజడానికి ఎవ్వరూ లేకుండానే చుట్టూ ఫీల్డ్ గీతలు గీయడం మొదలుపెట్టాను. బోర్డు అయిపోయింది, గీతలు అయిపోలేదు.

గోడ మీద గీస్తున్నాను.